ఆకుపచ్చ చుక్కను నమ్మవచ్చా?

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎలక్ట్రిక్ కారులో బయల్దేరే ముందు ఏ చార్జింగ్ యాప్ తెరిచినా చౌటుప్పల్ మొదలు నందిగామ దాకా 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో చార్జింగ్ స్టేషన్. 2020లో టాటా నెక్సాన్ ఈవీ కొన్నవాళ్లు ఇన్ని చుక్కలను ఊహించి ఉండరు. ఆ కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. ఏసీ వేసుకుని హైవే వేగంతో వెళితే 200 కిలోమీటర్లు వచ్చేసరికి మీటరు అడుగంటేది. విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. మధ్యలో సూర్యాపేట దగ్గర ఎక్కడో ఒకచోట కరెంటు దొరకాలి, దొరక్కపోతే ప్రయాణమే లేదు.

అప్పుడు అందరూ అడిగింది చార్జర్ ఎక్కడుందని. ఇప్పుడు అడుగుతున్నది ఉన్న చార్జర్ పనిచేస్తుందా అని. మొదటి ప్రశ్నకు ప్రభుత్వాలు, కంపెనీలు ఏటా పెద్ద పెద్ద అంకెలతో జవాబు చెబుతున్నాయి. రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే మాత్రం ఈవీ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో వెతుక్కోవాలి. పబ్లిక్ చార్జింగ్ గురించి మన దగ్గర సాగే చర్చలో అసలు లోటు ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో కాస్త చూద్దాం. విద్యుత్ చట్టం 2003 ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్స్ ఉండాలి. మరి ఒకరి కారుకు చార్జింగ్ పెట్టి డబ్బు తీసుకుంటే అది కరెంటు అమ్మినట్టా, కాదా? ఈ సందేహం తేలకపోతే ఒక్క హోటలాయన కూడా చార్జర్ పెట్టడు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇది సేవేనని, లైసెన్స్ అక్కర్లేదని తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మార్గదర్శకాలు నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికి ఒకటి, హైవేల మీద రెండు వైపులా 25 కిలోమీటర్లకు ఒకటి చొప్పున స్టేషన్లు ఉండాలన్నాయి. 2024 సెప్టెంబరులో వాటిని తిరగరాశారు. 2030 నాటికి నగరంలో ఒక కిలోమీటరు గడికి ఒకటి, హైవే మీద 20 కిలోమీటర్లకు ఒకటి అన్నది ఇప్పటి లక్ష్యం.

దూరాల సంగతి బాగానే ఉంది కానీ, కారుకు తగిలించే గన్ విషయంలో మొదట్లోనే తప్పటడుగు పడింది. 2017లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ప్రభుత్వ కార్యాలయాల కోసం 10,000 ఎలక్ట్రిక్ కార్లకు టెండరు పిలిచింది. అప్పటి ఈ-వెరిటో, టిగోర్ లాంటి తక్కువ వోల్టేజీ కార్లను దృష్టిలో పెట్టుకుని భారత్ డీసీ-001 అనే ప్రమాణం తయారైంది. శక్తి 15 కిలోవాట్లు, గన్ చైనా పద్ధతిది. ఆ తర్వాత వచ్చిన హ్యుందాయ్ కోనా, ఎంజీ జెడ్‌ఎస్, నెక్సాన్ అన్నీ ఐరోపా పద్ధతి సీసీఎస్2 గన్‌తో వచ్చాయి. దాంతో ప్రజాధనంతో నాటిన తొలి చార్జర్లు సొంత కార్లవాళ్లకు కొరగాకుండా పోయాయి. మెట్రో స్టేషన్ల దగ్గర, ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో దుమ్ము కొట్టుకుపోయిన ఆ పెట్టెలు ఎక్కడైనా కనిపిస్తే, ఈ చరిత్రకు మిగిలిన ఆనవాళ్లు అవే.

ఆ తర్వాత వేగం పెరిగింది. 2023 మార్చిలో కేంద్రం ఈవీ ప్రోత్సాహక పథకం ఫేమ్-2 కింద మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల కోసం 800 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 2024 ఫిబ్రవరి మొదట్లో దేశంలో 12,146 పబ్లిక్ స్టేషన్లున్నాయని కేంద్రం చెప్పింది. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క 25 వేలు దాటింది. కర్ణాటక అందరికంటే ముందుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ దానికి చాలా వెనుక ఉన్నాయి. ఇప్పుడు పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కోసం మరో 2,000 కోట్లు పెట్టారు. కార్లకు 22,100, బస్సులకు 1,800, రెండు మూడు చక్రాల బండ్లకు 48,400 చార్జర్లు దాని లక్ష్యం.

అంకెలు వింటే కడుపు నిండినట్టే ఉంటుంది. కానీ స్టేషన్ అన్న ఒక్క మాట కింద అపార్ట్‌మెంట్ సెల్లారులో గోడకు బిగించిన 3.3 కిలోవాట్ల సాకెట్టూ వస్తుంది, హైవే పక్కన నిలబడిన 240 కిలోవాట్ల యంత్రమూ వస్తుంది. ఖాళీ బ్యాటరీకి మొదటిది ఒక రాత్రంతా తీసుకుంటుంది, రెండోది, అంత శక్తి తీసుకోగల కారైతే, టీ తాగి వచ్చేలోపు చాలావరకు నింపుతుంది. అందుకే యాప్‌లో చుక్క మీద నొక్కాక మొదట చూడాల్సింది కిలోవాట్లు.

అక్కడా ఒక మతలబు ఉంది. బోర్డు మీద 60 అని ఉన్నంతమాత్రాన కారులోకి 60 వస్తుందనుకోవద్దు. ఆ పెట్టెకు సాధారణంగా రెండు గన్లుంటాయి. పక్క గన్‌కు ఇంకో కారు తగిలితే చాలాచోట్ల శక్తి సగం సగం అవుతుంది, మీకు 30 మిగులుతుంది. ఒంటరిగా ఉన్నా ఇంకో అడ్డంకి ఉంది. కిలోవాట్ అంటే వోల్టును ఆంపుతో గుణిస్తే వచ్చేది. యంత్రం మీద రాసిన సంఖ్య ఎక్కువ వోల్టేజీ దగ్గర సాధ్యమయ్యేది. మీ కారు బ్యాటరీ 320 వోల్టులదై, ఆ గన్ 100 ఆంపులకు మించి ఇవ్వలేనిదైతే వచ్చేది 32 కిలోవాట్లే. బోర్డు ఎంత చెప్పినా అంతే. ఇక మూడో హద్దు కారుదే. చిన్న ఈవీలు చాలావరకు 50 కిలోవాట్ల లోపే తీసుకుంటాయి. 2024 నవంబరులో మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ వచ్చాకే 175 కిలోవాట్ల దాకా తీసుకోగల కార్లు మధ్యతరగతి చర్చలోకి వచ్చాయి. యాభై తీసుకునే కారును 240 ముందు ఆపితే దానికి ఒరిగేదేమీ లేదు. వెనుక వచ్చే మహీంద్రా ఆయన చోటు మాత్రం పోతుంది.

నాలుగో హద్దు సమయం గడిచే కొద్దీ తెలుస్తుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు వేగంగా మింగుతుంది, 80 శాతం దాటాక చుక్క చుక్కగా తాగుతుంది. పండగ రైలు జనరల్ బోగీలో ముందు ఎక్కినవాళ్లు కూర్చోవడానికి క్షణం పడితే, చివరి నలుగురు దూరడానికి రైలు కదిలేంత సేపు పడుతుంది కదా, అలాంటిదే ఇదీ. నిండుతున్న సెల్‌లోకి బలవంతంగా కరెంటు తోస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది కనుక కారులోని కంప్యూటరే ధారను తగ్గిస్తుంది. 40 యూనిట్ల బ్యాటరీని 30 కిలోవాట్ల ధారతో 20 నుంచి 80 శాతానికి తేవాలంటే 24 యూనిట్లు కావాలి, గంటకు కాస్త తక్కువ పడుతుంది. మిగతా 20 శాతం, అంటే కేవలం 8 యూనిట్లు, చాలా కార్లలో దాదాపు అంతసేపూ తినేస్తాయి. హైవే మీద 80 దగ్గర గన్ తీసేయడం మర్యాదే కాదు, మన సొంత సమయానికి కూడా లాభం. తర్వాతి చార్జర్ మరీ దూరమైతే తప్ప నూటికి నూరు కోసం కూర్చోనక్కర్లేదు.

మే నెల నల్లగొండ ఎండను కూడా ఈ లెక్కలో వేసుకోవాలి. ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, రెండు గంటలు హైవే మీద పరిగెత్తిన కారు బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది. నీడ లేని చోట నిలబెట్టిన చార్జర్ కూడా తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంటుంది. షెడ్డు ఉన్న స్టేషన్‌ను ఎంచుకోవడం సుఖం కోసమే అనుకునేవారు ఒకసారి స్క్రీన్ మీద కిలోవాట్ల అంకెను చూస్తే మనసు మార్చుకుంటారు.

ఇవన్నీ యంత్రం పనిచేసినప్పటి సంగతులు. పనిచేయనప్పటి కథ వేరు.

చార్జర్ ఆగిపోవడానికి కారణాలు వెతికితే పెద్ద సాంకేతిక లోపాలు తక్కువే కనిపిస్తాయి. పెట్టెలో సిమ్ కార్డుకు సిగ్నల్ ఉండదు. సర్వర్‌తో మాట్లాడలేని యంత్రం డబ్బు కట్టారో లేదో తెలుసుకోలేదు కనుక గన్‌కు కరెంటు వదలదు. ఎవరో పిల్లాడు ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కి వెళ్లిపోతాడు. దాన్ని తిప్పి పైకి లాగితే చాలు, కానీ ఆ సంగతి తెలిసినవాళ్లు అక్కడ ఉండరు. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారు ఒప్పుకోదు. ఊళ్లో కరెంటు పోతే హోటల్ జనరేటరు ఫ్యాన్లకు, ఫ్రిజ్‌లకు సరిపోతుంది, 60 కిలోవాట్ల చార్జర్‌ను మోయలేదు. గన్ లాక్ ఇరుక్కుంటుంది. స్క్రీన్ ఎండకు నల్లబడుతుంది. పెట్రోల్ బంకులో కుర్రాణ్ని అడిగితే "అది మాది కాదు సార్, కంపెనీ వాళ్లది" అంటాడు. అతని తప్పేమీ లేదు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, జీతంలో ఆ పెట్టెకంటూ రూపాయి లేదు. కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఉన్నవారు ఇంకో రాష్ట్రంలో కూర్చుని రిమోట్‌గా రీస్టార్ట్ చేస్తారు. సగం సార్లు అదే మందు. సిగ్నల్ లేని పెట్టెకు ఆ మందు కూడా అందదు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2022లో ఒక పరిశోధక బృందం 181 స్టేషన్లలోని 657 సీసీఎస్ గన్లను స్వయంగా వెళ్లి పరీక్షించింది. పనిచేసినవి 72.5 శాతం. దాదాపు 5 శాతం చోట్ల అయితే కేబుల్ పొట్టిదై కారును అందుకోలేదు. అమెరికాలో ఉన్న బంధువులు టెస్లా గన్ గురించి గొప్పగా చెబుతుంటారు కదా, దాని రహస్యం ఇక్కడే ఉంది. కారూ, చార్జరూ, బిల్లూ ఒకే కంపెనీ చేతిలో ఉండటంతో తప్పును ఒకరి మీద ఒకరు తోసుకునే వీలు లేకపోయింది. 2023లో ఫోర్డ్‌తో మొదలుపెట్టి మిగతా కంపెనీలు ఆ గన్ వైపు మళ్లడానికి దాని ఆకారం కంటే ఈ భరోసాయే ఎక్కువ కారణం.

బాగుచేసేవాళ్లు ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబు వ్యాపారపు లెక్కలో ఉంది. 60 కిలోవాట్ల చార్జరు దగ్గరికి రోజుకు నాలుగు కార్లు వచ్చి తలా 20 యూనిట్లు ఎక్కించుకున్నాయనుకోండి. యూనిట్ 20 రూపాయలకు అమ్మితే 18 శాతం జీఎస్టీ పోగా చేతికి వచ్చేది 17. కరెంటు కొనుగోలు ఏడు రూపాయలనుకుంటే మిగిలేది పది. అంటే రోజుకు 800 రూపాయలు. ఇందులోంచే స్థలం అద్దె, డిస్కంకు కట్టే స్థిర ఛార్జీలు, సాఫ్ట్‌వేర్ చందా, మరమ్మతులు పోవాలి. లక్షల్లో పెట్టిన పెట్టుబడి తిరిగి రావడమూ దీన్నుంచే. ఈ ఆదాయంతో సూర్యాపేటకో కోదాడకో ఒక మెకానిక్‌ను పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. సబ్సిడీ చార్జరు పెట్టడానికి దొరుకుతుంది, నడపడానికి దొరకదు. పెట్టించినవారికి రిబ్బన్ కత్తిరించిన రోజుతో పని అయిపోతుంది. కార్లు పెరిగితే ఈ లెక్క మారుతుంది. అయితే కార్లు పెరగాలంటే చార్జర్ల మీద నమ్మకం ఉండాలి. ఈ ముడి ఏ ఒక్క కంపెనీ చేతా విడిపోదు.

ఇంత లాభం లేని వ్యాపారంలోనూ కంపెనీకో యాప్ ఎందుకో మాత్రం అర్థం కాదు. టాటా పవర్ ఒకటి, స్టాటిక్ ఒకటి, చార్జ్‌జోన్ ఒకటి, జియో-బీపీ ఒకటి, జియాన్ ఒకటి, చమురు కంపెనీలవి వేరే. ఒక్కోదానిలో ఫోన్ నంబరు, ఓటీపీ, కారు వివరాలు. చాలావాటిలో ముందుగా వాలెట్‌లో డబ్బు వేయాలి. వేసిన దాంట్లో మిగిలిన ముప్పై నలభై రూపాయలు అక్కడే పడి ఉంటాయి. మిర్చి బజ్జీల బండి దగ్గర కూడా యూపీఐ స్కాన్ చేసి క్షణంలో వెళ్లిపోయే దేశంలో ఇదో వింత. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా ఎవరు నడుపుతున్నారో మనకు తెలియాల్సిన పని లేకుండా పోయింది. ఏ బ్యాంకు స్టిక్కరైనా ఏ టోల్‌గేటులోనైనా చెల్లుతుంది. చార్జింగ్‌కూ అలాంటి ఏర్పాటు చేయడానికి సాంకేతికంగా అడ్డంకి లేదు. చార్జరుకూ సర్వరుకూ మధ్య భాష ఓసీపీపీ చాలాకాలంగా అందరూ వాడుతున్నదే. 2022 డిసెంబరులో ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఈవీ యాత్ర అనే పోర్టల్, యాప్ తెచ్చింది. 2025లో కేంద్రం ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్‌ఈఎల్‌ను ముందుపెట్టి, యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐతో కలిపి, బుకింగ్ నుంచి చెల్లింపు దాకా అన్నీ ఒకేచోట ఉండే జాతీయ యాప్ తెస్తామంది. ఆ యాప్ విలువ అది చూపించే చుక్కల సంఖ్యలో ఉండదు. ఏ చుక్క నిన్న ఎన్ని గంటలు చచ్చి పడి ఉందో నిజం చెప్పడంలో ఉంటుంది. కంపెనీలు ఆ సమాచారం సొంతంగా బయటపెట్టవు.

ఆ సమాచారం దొరికేదాకా అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. కంపెనీ యాప్‌లో "అందుబాటులో ఉంది" అన్న మాటను వాళ్లు పట్టించుకోరు. ప్లగ్‌షేర్ లాంటి, వాడకందార్లే తమ అనుభవాలు రాసే చోట్ల చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏ కారుకు, ఎన్ని కిలోవాట్లతో ఎక్కించుకున్నారో చూస్తారు. నిన్న ఒకరు ఎక్కించుకున్నారంటే నమ్మవచ్చు. మూడు వారాలుగా ఎవరూ రాలేదంటే అనుమానించాలి. ఒంటరి చార్జర్ కంటే నాలుగైదు గన్లున్న చోటుకే మొగ్గుతారు, అది పది కిలోమీటర్లు ఎడంగా ఉన్నా సరే. చేరేసరికి బ్యాటరీలో కనీసం ఇంకో స్టేషన్‌కు వెళ్లేంత మిగిలేలా చూసుకుంటారు. ఐదు శాతంతో చేరేవాడు ధైర్యవంతుడని ఆ గ్రూపుల్లో ఎవరూ అనుకోరు. ఇక కారు డిక్కీలో కంపెనీ ఇచ్చిన 15 ఆంపుల పోర్టబుల్ చార్జర్ ఎప్పుడూ ఉండాల్సిందే. గంటకు మూడు యూనిట్లే ఎక్కిస్తుంది, కానీ చుట్టాలింట్లో ఏసీ ప్లగ్ నుంచి రాత్రంతా పెడితే పొద్దున్నే నిశ్చింతగా బయల్దేరవచ్చు. పల్లెల్లో ఎర్తింగ్ లేని పాత ఇళ్లు చాలా ఉంటాయి, దాన్ని ముందే చూసుకోవాలి.

ఖర్చు సంగతి క్లుప్తంగా. ఇంట్లో యూనిట్ ఎనిమిది రూపాయలు పడితే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. హైవే చార్జరు దగ్గర 20 నుంచి 25 రూపాయలు పడితే మూడు, నాలుగు రూపాయలు. పెట్రోలు కారు కిలోమీటరుకు ఏడు రూపాయలు తింటున్న చోట ఇదీ చౌకే. కానీ ఇంట్లో పెట్టుకునే వీలు లేక రోజూ బయటే ఎక్కించుకునేవారికి మిగులు సగానికి సగం కరిగిపోతుంది. కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో అద్దెకుంటూ, అసోసియేషన్ ఒప్పుకోక సెల్లారులో పాయింట్ పెట్టుకోలేని వాళ్లది ఇదే బాధ. కారుకు 5 శాతం జీఎస్టీ, దానికి ఎక్కించే సేవకు 18 శాతం అన్న తేడాలో న్యాయం నాకు కనిపించదు. 2024 మార్గదర్శకాలు పగలు 9 నుంచి 4 దాకా, అంటే సౌర విద్యుత్ దండిగా ఉండే వేళ, స్టేషన్లకు కరెంటు సగటు ధరలో 0.7 వంతుకు, మిగతా వేళల్లో 1.3 వంతుకు ఇవ్వమన్నాయి. ఈ తేడా వాడకందారు బిల్లుదాకా దిగితే మధ్యాహ్నపు భోజనం, చార్జింగ్ ఒకేసారి పెట్టుకోవడం అలవాటవుతుంది.

బ్రిటన్ ఈ విషయంలో చేసిన పని చూడదగ్గది. 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫాస్ట్ చార్జర్ల నెట్‌వర్క్ ఏడాదిలో సగటున 99 శాతం సమయం పనిచేయాలి, లెక్కలు బయటపెట్టాలి, యాప్ లేకుండా బ్యాంకు కార్డు తాకించి డబ్బు కట్టే వీలుండాలి. అమెరికా ప్రభుత్వం కూడా తన డబ్బుతో పెట్టే చార్జర్లకు 97 శాతం షరతు పెట్టింది. మన 2,000 కోట్లకూ అలాంటి ముడి ఒకటి గట్టిగా వేయాలి. చార్జరు నిలబెట్టినందుకు కొంత, మూడేళ్లపాటు నెల నెలా పనిచేసిన గంటలకు కొంత చొప్పున సబ్సిడీ ఇస్తే సూర్యాపేటకు మెకానిక్ తనంతట తానే వస్తాడు.

ఇక దారులు. హైదరాబాద్-విజయవాడ, హైదరాబాద్-కర్నూలు-బెంగళూరు, విజయవాడ-విశాఖ హైవేల మీద మామూలు రోజుల్లో భయపడాల్సిన పని లేదు. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి దొరుకుతుంది. సంక్రాంతి ముందు మూడు రోజులు మాత్రం లెక్క తప్పుతుంది. నగరం మొత్తం ఒకే వైపు కదిలినప్పుడు రెండు గన్లున్న హోటల్ ముందు ఐదో కారుగా నిలబడితే మూడు గంటలు పోయినట్టే. వరుస ఎవరిదో చెప్పే బోర్డు ఉండదు, నొచ్చుకోవడాలు ఉంటాయి. ఆ రోజుల్లో ఇంటి నుంచి నూటికి నూరు నింపుకుని, తెల్లవారుజామున బయల్దేరి, పంతంగి దాటాక మొదటి గన్ కోసం ఎగబడకుండా ఇంకాస్త ముందుకు వెళ్లడం తెలివైన పని.

అసలు చిక్కు ఘాట్ రోడ్లది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఎత్తు తొమ్మిది వందల మీటర్లు. దాదాపు 1,800 కిలోల బరువును అంత ఎత్తుకు మోయడానికే, నష్టాలతో కలిపి, ఐదు యూనిట్లు అదనంగా కావాలి. చిన్న బ్యాటరీ కారుకు అది ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల దారితో సమానం. దిగేటప్పుడు బ్రేకు నొక్కకుండా రీజెన్ మీద, అంటే మోటారే వేగం తగ్గిస్తూ కరెంటు పుట్టించేలా, వస్తే అందులో మంచి భాగం తిరిగి వస్తుంది. తిరుమల ఘాట్ మీద 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి; ఎక్కేటప్పుడు ఖర్చయిన కరెంటులో కొంత కిందికి వచ్చేసరికి తిరిగి చేరడం వల్లే లెక్క కుదురుతోంది. కానీ ఆ బస్సులకు డిపోలో సొంత చార్జర్లున్నాయి.

శ్రీశైలం దారి ఇంకా గట్టిది. హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాట. మన్ననూరు దాటితే నల్లమల పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసి ఉంటుంది. పనిచేయని ఒక్క చార్జర్ దగ్గర గంట పోగొట్టుకుంటే ఆ రాత్రికి దర్శనం సంగతి అటుంచి, గేటు ఇవతలే పడుకోవాలి. అడవిలో రోజుకు నాలుగు కార్లు కూడా రాని చోట ఏ ప్రైవేటు కంపెనీ లెక్కా కుదరదు. పాత కరెంటు కనెక్షన్, ఖాళీ జాగా, రాత్రంతా మెలకువగా ఉండే మనిషి ఇప్పటికే ఉన్నవి పర్యాటక శాఖల హరిత హోటళ్లు, ఆర్టీసీ డిపోలు, దేవస్థానం సత్రాలు. అలాంటి దారుల్లో చార్జర్లు పెట్టాల్సింది వాటిలోనే. అక్కడ భారీ యంత్రాలు కూడా అక్కర్లేదు. రాత్రి బస చేసే భక్తుడికి ఏడు కిలోవాట్ల ఏసీ పాయింట్లు పది వరుసగా ఉంటే చాలు, తెల్లారేసరికి పది కార్లూ నిండుతాయి.